తమ్ముడి బండిలో ఉన్న నా ఇంజను

ఇళ్ళు మారేవారి సామాన్లు మోసే పికప్ బండికి యజమానురాలినైన నేను, వచ్చే వారం గుండె ఆపరేషనుకు వెళ్ళబోతూ, తెలివి సరిగ్గా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న ఆఖరి వీలునామా ఇది. నాకు మతి చెడిందని రేపు నా తమ్ముడు అనవచ్చు. మతి చెడింది వాణ్ణి నమ్మినప్పుడు. ఇప్పుడు కుదురుగానే ఉంది.

1. నేనుంటున్న ఇల్లు అద్దెది కనుక దాని కోసం ఎవరూ జుట్లు పట్టుకోనక్కర్లేదు. బీరువా, మంచం, కుట్టుమిషను నా కూతురికి. నా ఆడపడుచు అడిగి పట్టుకుపోయి తిరిగివ్వని కుక్కరు ఆమెకే చెందుతుంది. దాని మూత మా ఇంట్లోనే ఉండిపోయింది, వచ్చి తీసుకెళ్ళమనండి.

2. పికప్ బండి నా కూతురికి. నా భర్త పోయాక స్టీరింగు పట్టి ఇల్లు నడిపింది అదే. అయితే ఆ బండిలో ఇప్పుడున్న ఇంజను మాత్రం పిల్లకు చెందదు. కారణం కింద రాయిస్తున్నాను.

3. పోయిన ఏడాది బండి పొగ కక్కుతూ, ఎత్తు ఎక్కలేక మొరాయించింది. మెకానిక్ షెడ్డు నడిపే నా తమ్ముడు, “ఎందుకక్కా ఈ ముసలి ఇంజను? అరిగిన సిలిండర్లు తొలిపించి దీనికి బోరు చేయించడం బూడిదలో పోసిన పన్నీరే. వేరేది వేసేద్దాం,” అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆ ఇంజను బ్లాకు బీటలిస్తే నా భర్త దగ్గరుండి ఇత్తడితో అతికించాడు. ఆయిలు చూసే చువ్వ పోతే, ఇనుప ఊచను అరగదీసి తనే గీతలు పెట్టాడు. మనిషి ఎటూ లేడు, ఆయన నడిపిన ఇంజనైనా ఉండాలనుకున్నాను. “సరే, నీ మాటే కానియ్,” అని తమ్ముడు బండి తీసుకెళ్ళాడు.

బోరు చేయించాడు, బాగానే చేయించాడు. కానీ దాన్ని తన బండిలో బిగించుకుని, తన బండిలోని అరిగిపోయిన ఇంజనుకు రంగు వేసి నా బండిలో పెట్టాడు. రోజూ పొద్దున్నే ఆ చువ్వతో ఆయిలు చూడటం నాకు అలవాటని వాడికి తెలుసు. అది కనబడకపోతే అడుగుతానని దాన్ని కూడా తెచ్చి ఇందులో దూర్చాడు. అక్కడే వాడి తెలివి తెల్లారింది. చువ్వ మా ఇంజను లోతుకు చేసింది. వాడి ఇంజనులో అది అడుగు దాకా దిగి, ఆయిలు అయిపోవస్తున్నా నిండుగా ఉన్నట్టే చూపించింది. నేను చూసి, “నిండుగా ఉంది, వెళ్ళిరా అమ్మా,” అని కూతుర్ని పంపాను. దిగుడులో ఇంజను పట్టేసింది, బ్రేకు తొక్కితే దిగకుండా బిగుసుకుపోయింది. ఇసుక కుప్పలోకి తిప్పబట్టి పిల్లకు ప్రాణం దక్కింది, చెయ్యి విరిగింది.

4. అప్పట్లో ఆ ఇత్తడి అతుకు వేసిన రైల్వే గేటు దగ్గరి మెకానిక్ మేస్త్రి ఇంజను విప్పి, “ఇందులో అతుకేదమ్మా?” అన్నాడు. నేను తిన్నగా తమ్ముడి షెడ్డుకు వెళ్ళి వాడి బండి బానెట్ ఎత్తాను. ఇత్తడి అతుకు అక్కడుంది. తమ్ముడు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, “ఇంజనే కదక్కా,” అన్నాడు. ఇప్పటికీ తిరిగివ్వలేదు. వాణ్ణి చిన్నప్పుడు చంకనేసుకుని తిరిగినదాన్ని నేను. బయటివాడు చేసి ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. తోడబుట్టినవాడు చేశాడు.

5. కనుక, నా తమ్ముడి బండిలో ఉన్న ఇంజను నా సొత్తు. దాన్ని, ఆ చువ్వతో సహా, నా కూతురికి రాసి ఇస్తున్నాను. దీన్ని అమలు చేయవలసినది పై మేస్త్రి. నేను పోయాక నెలలోగా దాన్ని ఎత్తించి మా బండిలో బిగించాలి. మేనమామ కాళ్ళావేళ్ళా పడినా నా కూతురు కరగకూడదు.

6. నా బండిలో పట్టేసిన ఇంజను నా తమ్ముడికి. బోరు చేయించుకుంటాడో, వేరేది వేసుకుంటాడో వాడిష్టం. సలహా కావాలంటే వాడు నాకిచ్చినదే ఉంది.

7. సాక్షి సంతకం పక్క వాటా వడ్రంగి పెట్టాడు. రెండో సంతకానికి మనిషి దొరకలేదు. అక్కాతమ్ముళ్ళు ఇవాళ కొట్టుకుంటారు, రేపు ఒకటవుతారు, మధ్యలో మేమెందుకని అందరూ తప్పుకున్నారు. నిన్న తమ్ముడి భార్య నన్ను చూడటానికి వచ్చింది. ఐదో అంశం అమలైతే ఆమె వాకిట్లో బండి కదలదు, కిరాయి డబ్బు రాక ఇంట్లో పొయ్యి వెలగడం కష్టమవుతుంది. ఆ సంగతి దాచకుండా చెప్పి, కాగితం చేతికిచ్చాను. సాక్షివైతే ఇందులో నీకేమీ రాయలేనని కూడా చెప్పాను. ఆమె మొదటి నుంచి చివరి దాకా చదివింది. “పిల్ల చెయ్యి విరిగిందని తెలిసిన రోజు కూడా ఆయన కడుపు నిండా తిన్నాడు వదినా. వడ్డించింది నేనే. కలం ఇటివ్వు,” అంది.

తేదీ: మార్చి పదకొండు, బుధవారం.

సంతకం: నేను, బండి యజమానురాలు.

సాక్షులు:
1. పక్క వాటా వడ్రంగి.
2. నా మరదలు. తన చేత్తో, నా మంచం పక్కన కూర్చుని సంతకం చేసినది.