ఎర్ర సున్నాలు

ప్రియమైన అమ్మమ్మకు,

ఫోన్‌లో ఏడుపు వినను, జరిగింది కాగితం మీద పెట్టు అన్నావు కాబట్టి రాస్తున్నాను.

మా ఆఫీసు ప్రోగ్రాం ఏం చేస్తుందో నీకు తెలుసు. ఆసుపత్రిలో ఎవరికి ఏ రక్తం ప్యాకెట్ ఇవ్వాలో, అది ఏ ఫ్రిజ్‌లో ఉందో అదే చెబుతుంది. పోయిన మంగళవారం ఆపరేషన్ థియేటర్లో ఉన్న ఒక పసిబిడ్డకు రక్తం అడిగితే అది ఏమీ చెప్పకుండా ఆగిపోయింది. తెర మీద ‘వేచి ఉండండి’ అన్న మాట తప్ప మరేమీ లేదట. ఒక నర్సు ఆగలేక తనే పరుగెత్తి ప్యాకెట్ తెచ్చింది కాబట్టి బిడ్డ బతికింది.

మర్నాడు మా పెద్దసారు నన్ను అందరి ముందూ నిలబెట్టాడు. ఆసుపత్రి హాల్లో ఇత్తడి ఫలకం మీద ‘ఈ ప్రోగ్రాంలో ప్రతి వరుసా వీరు రాసినదే’ అని ఉన్న మనిషి ఆయనే. “ఇన్నేళ్లుగా నా ప్రోగ్రాం ఆగలేదు. ఈ అమ్మాయి చెయ్యి పెట్టింది, ఆగింది,” అన్నాడు. నేను చేర్చింది రెండే వరుసలు, అవి కూడా ఫ్రిజ్ నంబరు చూపించడానికి. ఒకవేళ వాటివల్లే జరిగి ఉంటే? ఒకవేళ కాకపోయినా, కాదని నేనెలా చూపిస్తాను?

నెలాఖరుకు ఆసుపత్రి విచారణ కమిటీ కూర్చుంటుంది. తప్పు నాదని తేలితే ఈ ఉద్యోగమే కాదు, ఈ రంగంలో ఎవరూ నన్ను గుమ్మం ఎక్కనివ్వరు. ఒకవేళ ముందే రాజీనామా ఇస్తే పరువైనా మిగులుతుందేమో. లేకపోతే ఇంకో ఆలోచన ఉంది, కోప్పడకు. వెళ్ళేముందు కోడ్‌లో ఎవరికీ దొరకని చోట ఒక ముడి వేసి వెళ్తాను. అది విప్పలేక ఆయన జుట్టు పీక్కోవాలి.

నీ
బుల్లి

*

ప్రియమైన మనవరాలికి,

నీ ఉత్తరం దీనితో పాటే తిప్పి పంపుతున్నాను. ‘ఒకవేళ’, ‘తేలితే’, ‘లేకపోతే’ అన్నచోటల్లా ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టాను, చిన్నప్పుడు నీ వ్యాసాలకు చుట్టినట్టే. ఒక్క పేజీలో ఇన్ని దారులు చీలితే చదివేవాళ్ళు ఏ దారిన పోవాలి? అడుగున ఏం రాశానో అది కూడా చూడు: తగ్గించి తిరగరాయి.

ముడి సంగతి. అందులో ఆయన జుట్టు కాదు, ఇంకో బిడ్డ ప్రాణం చిక్కుకుంటుంది. మళ్ళీ ఆ మాట ఎత్తేటట్టయితే నాకు ఉత్తరం రాయకు.

పగ వద్దని నేను అనడం లేదు. తీర్చుకో. పూర్తిగా తీర్చుకో. కానీ పగ పట్టినవాళ్ళ లెక్క అవతలివాడి లెక్క కంటే శుభ్రంగా ఉండాలి.

రెండు వరుసలు చేర్చగానే ఆగిపోయే ప్రోగ్రాం అంతకుముందే ఆగడానికి సిద్ధంగా ఉందన్నమాట. ఎక్కడ సిద్ధంగా ఉందో కొలువు. నీకు తెలియనిది కాదు, అయినా కోపంలో ఉన్నవాళ్ళు తెలిసినవే ముందు మరిచిపోతారు. షరతు ఉన్న ప్రతిచోటా దారి చీలుతుంది. ఒక్కో పని చేసే ముక్క, అంటే ఒక్కో ఫంక్షన్ తీసుకుని, అందులో చీలికలు లెక్కపెట్టి ఒకటి కలుపు. అదే దాని సంక్లిష్టత. పది లోపు ఉంటే మనిషి బుర్రలో పడుతుంది. యాభై దాటితే రాసినవాడికి కూడా అర్థం కాదు, అర్థమైందన్నాడంటే అబద్ధం. నేను ఉద్యోగం చేసిన రోజుల్లో ఇదంతా కాగితం మీద చేసేవాళ్ళం. మీకు యంత్రమే చేసి పెడుతుంది కాబట్టి బద్ధకించడానికి కారణం లేదు.

రాజీనామా ఇవ్వకు. కుర్చీలో కూర్చున్నవాళ్ళే లెక్క అడగగలరు.

వేళకు తిను.

అమ్మమ్మ

*

ప్రియమైన అమ్మమ్మకు,

కొలిచాను. ఈ ఉత్తరం మూడుసార్లు తిరగరాశాను, పెన్సిలు కింద పెట్టు.

చాలా ఫంక్షన్లు పది లోపే ఉన్నాయి. ఒక్కటి మాత్రం, ప్యాకెట్‌ను ఎంచే ఫంక్షన్, నూట నలభై మూడు. ఫలితం చూసి సాధనమే చెడిపోయిందనుకున్నాను. షరతులో షరతు, దాని కడుపులో ఇంకో షరతు. లోపలి షరతు వరుస ప్రతిసారీ కొంచెం కుడికి జరుగుతుంది కదా, చదువుతూ చదువుతూ తెర అంచు దాటిపోయాను. నా రెండు వరుసలు చిట్టచివర, గుమ్మం బయట చెప్పుల్లా ఉన్నాయి. లోపలి గొడవతో వాటికి సంబంధమే లేదు.

ఇంకో వింత. ఏ వరుస ఎవరు రాశారో మా దగ్గర చరిత్ర ఉంటుంది కదా. పాత కోడ్‌లో ప్రతి వరుస మీదా పెద్దసారు పేరే ఉంది, అన్నింటికీ ఒకే తేదీ, అదీ ఒక ఆదివారం. ఇంత ప్రోగ్రాం ఒక్కరోజులో ఎవరు రాస్తారు అని పక్క టేబుల్ మనిషిని అడిగాను. చప్పుడు చేయకుండా వచ్చి వెనక నిలబడతాడని అతన్ని మేమంతా పిల్లి అంటాం. పిల్లి నవ్వాడు. “రాయడమేంటి తల్లీ. ఫలకం పెట్టించుకునే ముందు కోడ్ మొత్తానికీ ఖాళీలు సర్దే టూల్ నడిపాడు. వరుసకు రెండు ఖాళీలు జరిపితే చాలు, చరిత్రలో ఆ వరుస నీదైపోతుంది,” అన్నాడు. అంతకు ముందు చరిత్ర ఏమైందంటే, కొత్త సర్వర్‌కు మారినప్పుడు పోయిందట. ఎవరు పోగొట్టారో అడగవద్దన్నాడు.

వేరే ఎవరో రాసినదాన్ని తనదని ఫలకం వేయించుకున్నాడు. నివేదికలో మొదటి వాక్యం ‘ఈయన దొంగ’ అని రాస్తాను.

నీ
బుల్లి

*

ప్రియమైన మనవరాలికి,

దొంగ అని రాయకు. విశేషణం ఒక్కటి కూడా వాడకు. నివేదికలో ఒక పట్టిక పెట్టు: ఫంక్షన్, దాని సంక్లిష్టత, రాసినవారు. మూడో గడిలో యంత్రం ఏ పేరు చెబితే ఆ పేరే రాయి. ఖాళీల కథ నువ్వు ఎత్తకు. అన్ని వరుసలూ తనవేనని అతను కోరుకున్నాడు కదా, అన్నీ అతనివే కానివ్వు.

తర్వాత ఆ ఫంక్షన్‌ను తగ్గించు. ముక్కలుగా కోసి పక్కపక్కన పేర్చి అంకె తగ్గిందనకు. అది చెత్తను చాప కిందికి తోయడం. ముందుగా, ప్యాకెట్ అసలే లేని సందర్భాలను మొదటి వరుసల్లోనే తేల్చి బయటికి పంపెయ్యి. ఏ గ్రూపు ఎవరికి సరిపోతుందో షరతులతో చెప్పనక్కర్లేదు, ఒక పట్టికలో పెట్టి చూసుకుంటే చాలు. పాత అభ్యర్థనలన్నీ పాతదానికీ కొత్తదానికీ ఇచ్చి జవాబులు పోల్చు. ఎక్కడ తేడా వస్తే అక్కడే అసలు దోషం ఉంటుంది. అది దొరికేదాకా నీకు నిద్ర అక్కర్లేదు.

కమిటీ ముందు ఒక్క మాట గుర్తుంచుకో. అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకో. అతను మాట్లాడుతుంటే అడ్డు తగలకు. ఎవరి గురించి ఎంత మాటన్నా, నీ రక్తం ఉడికిపోయినా, పూర్తిగా చెప్పనివ్వు.

అమ్మమ్మ

*

ప్రియమైన అమ్మమ్మకు,

విచారణ ఈ మధ్యాహ్నం అయింది. ఇంటికి వచ్చి చెప్పులు కూడా విడవకుండా రాస్తున్నాను.

నువ్వన్నట్టే జవాబుల తేడాలో దోషం దొరికింది. ఒకచోట ‘అత్యవసరమైతే ఎవరి అనుమతి కోసమూ ఆగవద్దు’ అని ఉంది. ఇంకోచోట, ఎనిమిది షరతుల లోతున, ‘పసిబిడ్డ అయితే డాక్టరు అనుమతి వచ్చేదాకా ఆగాలి’ అని ఉంది. బిడ్డా, అత్యవసరమూ ఒకేసారి వస్తే లోతున ఉన్నదే గెలిచి ఆగిపోతుంది. నేను ఉద్యోగంలో చేరకముందు నుంచీ అలాగే ఉంది. ఇన్నాళ్లూ డాక్టర్లు వెంటనే అనుమతి ఇవ్వడంతో బయటపడలేదు, ఆ రోజు డాక్టరు ఆపరేషన్‌లో ఉన్నాడు. ఇప్పుడు ఆ ఫంక్షన్ సంక్లిష్టత తొమ్మిది. ఒక్క తెరలో పడుతుంది.

కమిటీకి పెద్ద ఒక డాక్టరమ్మ. నా నివేదిక ముందు పెట్టుకుని దోషమున్న వరుస మీద వేలు పెట్టింది.

“ఈ పసిబిడ్డ షరతు మీరు రాసిందేనా?”

“నేనా? లేదండీ,” అన్నాడు పెద్దసారు.

“మీ పేరుంది.”

“పేరుంటుందండీ. ఒక ఆదివారం నేను ఖాళీలు సర్దాను, అంతే. సర్దితే అన్నింటి మీదా నా పేరే పడుతుంది. రాసింది నేను కాదు.”

“మరెవరు?”

“నాకు ముందు ఒకావిడ ఉండేది. ఈ చిక్కంతా ఆవిడ పుణ్యమే. మహా చాదస్తం. మమ్మల్ని నిలబెట్టి మా కోడ్ మాచేతే చదివించేది. షరతు మొదట్లో ఉండే ప్రతి ఇఫ్ చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టేది.”

నువ్వు ఎర్ర సున్నాలు చుట్టి పంపిన ఉత్తరం నా సంచిలోనే ఉంది. అడ్డు తగలలేదు, అమ్మమ్మా. నువ్వన్నట్టే పూర్తిగా చెప్పనిచ్చాను.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసింది. “హాల్లో ఫలకం మీద ప్రతి వరుసా మీరే రాశారని ఉంది. అలాగని సంతకం చేసి ఇచ్చిన పత్రం నా దగ్గరుంది. ఏది నమ్మమంటారు?” అని అడిగింది. ఆయన నీళ్ళు తాగాడు. అంతకుముందున్నావిడ మొదట అప్పగించిన ప్రోగ్రాం నకలు ఆసుపత్రి స్టోరులో ఉండాలి, తెప్పించండి అని ఆవిడ గుమాస్తాతో చెప్పింది.

ఆ ఆవిడ నువ్వేనా? అంతా తెలిసి నన్ను అక్కడ కూర్చోబెట్టావా? నాకు ముందే ఎందుకు చెప్పలేదు?

బుల్లి

*

ప్రియమైన బుల్లికి,

నేనే.

ఆ ప్రోగ్రాం ఆసుపత్రిలోనే ఒక చిన్న గదిలో నేను రాశాను. అతను నా దగ్గర పని నేర్చుకున్నాడు. మీ తాతయ్య మంచాన పడ్డప్పుడు దీర్ఘసెలవు పెట్టి, తాళాలు అతనికే ఇచ్చి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి నా బల్ల లేదు, నా పేరు లేదు. నేను రాసింది ఎవరికీ అర్థం కాదని చెప్పి, అంతా తనే మళ్ళీ రాసుకున్నానని నమ్మించాడు. తర్వాత దాన్ని తీసుకుని కంపెనీ పెట్టాడు. నువ్వు అందులో చేరుతున్నావని తెలిసిన రోజున నేను మాట్లాడలేదు. నీ జీతం నీది, నా పగ నాది అనుకున్నాను. నిన్ను అందరిలో నిలబెట్టాడని చదివాక రెండూ ఒకటే అయ్యాయి.

ముందే చెప్పి ఉంటే నీ ముఖం చూసి పసిగట్టేవాడు. ఇరుకున పడితే అతను పక్కవాళ్ళ మీదికి తోస్తాడు. నీ మీదికి తోసే దారి పట్టికతో మూసేశాం. మిగిలింది నేనే. నా మీదికి తోయాలంటే రాసింది తను కాదని తన నోటితోనే చెప్పాలి. చెప్పాడు. నిన్ను వాడుకున్నానంటావా, వాడుకున్నాను. నీ ఉద్యోగానికీ నా పగకూ ఒకే దారి సరిపోయింది, ఊరికే రెండుగా చీల్చడం నా అలవాటు కాదు.

పాత నకలు మీద నా పేరు చూసి నిన్న డాక్టరమ్మ నన్ను పిలిపించి దాన్ని చూపించింది. పసిబిడ్డ షరతు అందులో లేదు. నీ రెండు వరుసలు తప్ప నా తర్వాత చేర్చినదంతా తనదేనని అతని సంతకమే ఉంది కాబట్టి ఎవరినీ అడగాల్సిన పని పడలేదు. ఆ ఫంక్షన్‌ను అక్కడే కొలిపించాను, ఎనిమిది వచ్చింది. నీది తొమ్మిది. ఆ ఒక్కటీ ఎక్కడ ఎక్కువైందో వెతుకు.

నీ మీద మచ్చ లేదని కమిటీ రాసిచ్చిన కాగితం నీకూ అంది ఉంటుంది. ఫలకం ఊడదీశారు. నా పేరుతో కొత్తది వేస్తామన్నారు, వద్దన్నాను. గోడకు ఆ నాలుగు మేకుల కంతలు మాత్రం పూడ్చవద్దని అడిగాను. ఒప్పుకున్నారు.

అతను నాకు ఉత్తరం రాశాడు. ఇద్దరం కలిసి రాసిన ప్రోగ్రాం అని నేను ఒక్క మాట చెబితే కంపెనీ నిలబడుతుందట. ఒకవేళ అప్పుడు పొరపాటు జరిగి ఉంటే, ఒకవేళ నా మనసు నొచ్చుకుని ఉంటే, పరిస్థితులు అలా లేకపోయి ఉంటే. మూడు పేజీలు. రెండుసార్లు చదివాను. ఏ మలుపు తిరిగి ఏ దారిన పోయినా ‘తప్పు చేశాను’ అన్న మాట దగ్గరికి చేరుకోలేకపోయాను.

పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాను. ముప్పై ఆరు సున్నాలు పడ్డాయి. ఉత్తరం తిప్పి పంపించాను. అడుగున, అతను కుర్రవాడిగా ఉన్నప్పుడు అతని కోడ్ కింద రోజూ నేను రాసిన మాటే రాశాను. తగ్గించి తిరగరాయి.

నీ
అమ్మమ్మ