వాటర్లూ కోటుకు ఎర్ర అస్తరు

ఉమ్ అల్ క్వైన్,
7 జనవరి 2024

గౌరవనీయులైన పేరమ్మ గారికి,

నమస్కారాలు. నేను ఇక్కడి ఇండియన్ స్కూల్లో చరిత్ర చెప్పే రాజశేఖర్‌ని. మాది మెట్‌పల్లి. మీరు నోటిమాట మీద బట్టలు కుట్టరనీ, కాగితం రాసి గుడ్డకు గుచ్చితేనే కత్తెర పడతారనీ మా బస్సు డ్రైవరు జానీ బాషా చెప్పాడు. అందుకే ఈ ఉత్తరం, అతని చేతికే ఇచ్చి పంపుతున్నాను.

వచ్చే నెల ఎనిమిదిన మా వార్షికోత్సవం. ఏడో తరగతి పిల్లలు ఇరవై మందితో వాటర్లూ యుద్ధం వేయిస్తున్నాను. 1815లో ఫ్రాన్సు చక్రవర్తి నెపోలియన్‌ను ఇంగ్లీషు వాళ్లూ, ఆఖర్న వచ్చి కలిసిన ప్రష్యా వాళ్లూ ఓడించిన యుద్ధమది. ఒక చక్రవర్తి కోటు, ఎనిమిది ఫ్రెంచి నీలం కోట్లు, ఏడు ఇంగ్లీషు ఎర్రకోట్లు, నాలుగు ప్రష్యా కోట్లు కావాలి. ప్రష్యా రంగు నలుపో నీలమో తేల్చలేనంత ముదురుగా ఉండాలి. బొమ్మలు జతచేశాను.

నా ఉద్యోగం ఈ కోట్ల మీదే ఆధారపడి ఉంది. నేనింకా ప్రొబేషన్‌లో ఉన్నాను. యుద్ధ చరిత్ర మీద నాలుగు లావుపాటి పుస్తకాలు రాసిన ఒక యూరప్ ప్రొఫెసర్ ముఖ్య అతిథి. ఆయన మెచ్చుకుంటేనే నన్ను పర్మనెంట్ చేస్తామన్నారు మా ప్రిన్సిపాల్ శ్యాంప్రసాద్ గారు. లేదంటే వీసా రద్దు, మళ్లీ మెట్‌పల్లి.

భవదీయుడు,
రాజశేఖర్

తా.క. ఆ రోజు చక్రవర్తి వేసుకున్నది ఆకుపచ్చ కోటని కొందరు, నీలమని కొందరు పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు. మీరు నీలమే కుట్టండి. వచ్చే ప్రొఫెసర్‌ది ఏ పక్షమో నేను కనుక్కుంటాను.


డేరా,
10 జనవరి

రాజశేఖర్ మాస్టారికి, అమలాపురం పేరమ్మ కత్తెర పక్కన పెట్టి రాయునది,

మీ కాగితం గుడ్డకు గుచ్చాను. ఇళ్లలో పనికని దుబాయ్ వచ్చినదాన్ని, ఇవాళ ఇక్కడ డేరా బజారులో, ఈ కొట్లో కటింగ్ మాస్టర్ని. అరబ్బులు తొడిగే పొడుగు కందూరాల దగ్గర్నుంచి మలయాళీల పెళ్లికోట్ల దాకా నా చేతిమీదుగా వెళ్లినవే. మీ యుద్ధం నాకో లెక్కా?

బొమ్మలు చూశాను. ఆ పెద్దమనిషి చెయ్యి కోటులోకి ఎందుకు దూర్చాడో చూడగానే తెలిసిపోయింది. ఆయన దర్జీ జేబు పెట్టడం మర్చిపోయాడు. అంత రాజ్యం ఏలేవాడికి చెయ్యి పెట్టుకోను చోటు లేకపోతే బుర్ర ఎలా పనిచేస్తుందండీ? నేను రెండు జేబులు పెడుతున్నాను. టోపీ అడ్డంగా ఉంది. అది బొమ్మ వేసినవాడి తప్పు, నేను తిన్నగా తిప్పేశాను.

ఇంకో మాట. కాగితం మీద కొలతలు నాకు పనికిరావు. మనిషి నా ఎదురుగా నిలబడాలి. ఆదివారం నాడు పిల్లల్ని తల్లిదండ్రులతో పంపండి.

ఇట్లు,
పేరమ్మ

తా.క. ఓడిపోయేవాళ్లకి కూడా అస్తరు వేయాలా? ఓడినా చలి చలే కదా అని అడుగుతున్నాను.


ఉమ్ అల్ క్వైన్,
13 జనవరి

పేరమ్మ గారికి నమస్కారాలతో,

అమ్మా, దయచేసి జేబులు తీసేయండి. అలా చెయ్యి దూర్చి నిలబడి బొమ్మ గీయించుకోవడం ఆ కాలపు పెద్దమనుషులకు ఫ్యాషన్. టోపీ అడ్డంగా పెట్టుకున్నది దూరం నుంచి సైనికులు గుర్తుపట్టాలని. దాన్ని తిప్పకండి. ఆ రోజుల్లో యూరప్‌లో చక్రవర్తులకు కరువు లేదు. రష్యాకొకడు, ఆస్ట్రియాకొకడు. ఈయన్ని వాళ్లలోంచి వేరు చేసేది ఆ టోపీయే.

పిల్లలు 21న వస్తారు. ఎవరి పాత్ర ఏమిటో వాళ్లకు చెప్పేశాను. ఎవరికి ఏ కోటో వాళ్లనే అడగండి, నేను వేరే జాబితా రాయడం లేదు.

మీ
రాజశేఖర్

తా.క. అస్తరు అందరికీ వేయండి. చరిత్రలో ఓడినవాళ్ల మీదే ఎక్కువ పుస్తకాలు వచ్చాయి.


డేరా,
4 ఫిబ్రవరి

మాస్టారికి పేరమ్మ సంతోషంగా రాయునది,

పని ఖలాస్! కోట్లన్నీ జానీ బాషా నిన్ననే పిల్లల ఇళ్లకు చేర్చేశాడు. ఇక మీరు ధైర్యంగా యుద్ధం చేసుకోవచ్చు.

ఆ ఆదివారం కొట్లో తిరునాళ్లే అనుకోండి. మీరు చెప్పినట్టే ఒక్కొక్కరినీ అడిగాను. ఇలియాస్ వాళ్ల నాన్న "మావాడు చక్రవర్తి, రాసుకోండమ్మా" అన్నాడు. వెనకే నిలబడ్డ తారిఖ్ వాళ్ల నాన్న ఊరుకుంటాడా? "మేరా బేటా బాద్షా బనేగా, ఖలాస్!" అని కౌంటరు మీద కొట్టాడు. ప్రసన్నకుమార్ వాళ్లమ్మయితే "మా బాబుకి కుచ్చులు ఇంకాస్త పెద్దవి పెట్టండి, వాడు మెయిన్ చక్రవర్తి" అంది. నాకేం, మీరు ముందే రాశారుగా యూరప్‌లో చక్రవర్తులకు కరువు లేదని. అందరికీ బంగారు కుచ్చులు పెట్టాను, టోపీలన్నీ అడ్డంగానే కుట్టాను.

మాహిరా అనే పిల్ల ఒక్కతే ఎర్రకోటు అడిగింది. "ఏమ్మా, నీకు కిరీటం వద్దా?" అన్నాను. "నేను పాఠం చివరిదాకా చదివానాంటీ, ఎర్రకోట్లే గెలుస్తాయి" అంది. ఆ పిల్ల పైకొస్తుంది.

ఇట్లు,
పేరమ్మ

తా.క. ఎర్ర తాను దాదాపు మొత్తం మిగిలిపోయింది. పారేయడం ఎందుకని చక్రవర్తులందరికీ దాంతోనే అస్తరు వేశాను. మాహిరాకి నీలం వేశాను. ముదురు గుడ్డ మాత్రం ఎవరూ ముట్టుకోలేదు పాపం.


ఉమ్ అల్ క్వైన్,
5 ఫిబ్రవరి

పేరమ్మ గారూ,

కొంప మునిగింది! నాకు కావలసింది ఒక్క చక్రవర్తి. మీరు పంపింది పంతొమ్మిది మందిని. పైగా నా లెక్కలో నెపోలియన్ మాహిరా! క్లాసులో అందరికంటే బాగా చదివేది ఆ పిల్లని ఆ పాత్ర ఇస్తే, ఆ చదువే నా పీకల మీదికి తెచ్చింది. ఎదురుపక్షంలో ఆమె ఒక్కతే ఉంది. ప్రష్యాలో పురుగు కూడా లేదు.

ఇల్లిల్లూ తిరిగాను. "తారిఖ్ టోపీ తీస్తే మావాడూ తీస్తాడు" అంటాడు ఇలియాస్ నాన్న. "పహ్లే వో", ముందు వాళ్లవాడే తీయాలి అంటాడు తారిఖ్ నాన్న. యూరప్ రాజులు సంధి కోసం వియన్నాలో నెలల తరబడి ఎందుకు కూర్చున్నారో ఇప్పుడు అర్థమైంది. నాకున్నవి మూడు రోజులు. "నాటకం పాడైతే దాంతో నాకేం సంబంధం లేదు" అని ప్రిన్సిపాల్ గారు ఇప్పటికే స్టాఫ్ రూమ్‌లో ప్రకటించేశారు. నేను నిజంగా భయపడుతున్నాను. ఏదైనా దారి చూపించండి.

రాజశేఖర్

తా.క. జేబులు తీసేయమన్నాను కదా! ఇవాళ పంతొమ్మిది మంది చక్రవర్తులూ చేతులు జేబుల్లో పెట్టుకుని క్లాసుకొచ్చారు. ఇద్దరి జేబుల్లో బిస్కెట్లున్నాయి.


డేరా,
6 ఫిబ్రవరి

తమ్ముడూ రాజశేఖరూ,

కంగారుపడకు. ముందు మంచినీళ్లు తాగి ఇది చదువు. తప్పు నీది కొంత, నాది కొంత, నా కొట్లో నిలబడి అబద్ధమాడిన తండ్రులది బోలెడంత.

విప్పి కుట్టే వ్యవధి లేదు. అక్కర్లేదు కూడా. నా అస్తరు కుట్టు ఏ వైపు నుంచీ కనబడదు, జేబులూ రెండు వైపులా ఉన్నాయి. నీలం కోటు తిరగేసి తొడిగితే ఎర్రకోటు. అంతే! మా కోనసీమలో ఎన్నికలప్పుడు కండువా మార్చడానికి ఇంతకంటే ఎక్కువసేపు పడుతుంది. పదిమందిని తిరగేయించు, నీ యుద్ధం నీకుంటుంది.

నీ అక్క
పేరమ్మ

తా.క. జేబులు తియ్యను. చక్రవర్తయినా సరే, నా కొట్లోంచి జేబు లేకుండా ఎవడూ వెళ్లడు.


ఉమ్ అల్ క్వైన్,
9 ఫిబ్రవరి

పేరమ్మక్కకు తమ్ముడు రాజశేఖర్ రాయునది,

అక్కా, నాటకం అయిపోయింది. ఎలా అయిందో విను.

తెర లేచేదాకా ఒక్క తండ్రీ కోటు తిరగేయనివ్వలేదు. వేదిక వెనక నిలబడి నీ ఎర్ర అస్తరు చూస్తుంటే నా థీసిస్ మూడో అధ్యాయం గుర్తొచ్చింది. 1814లో చక్రవర్తి దిగిపోగానే ఆయన సేనానులు చాలామంది కొత్త రాజు వైపు వెళ్లిపోయారు. మరుసటి ఏడు ఆయన తిరిగొస్తే కొందరు మళ్లీ ఇటు దూకారు. అసలు కథ ఇదే కదా, దీన్నే వేద్దాం అనుకున్నాను. అప్పటికప్పుడు పిల్లల్ని పోగుచేసి, "నేను డప్పు కొట్టినప్పుడల్లా ఒకరు టోపీ కింద పడేసి కోటు తిరగేయండి" అని చెప్పాను.

పంతొమ్మిది మంది చక్రవర్తులు ఒకేసారి వేదికెక్కారు. తల్లిదండ్రులకు కావలసినన్ని ఫొటోలు దొరికాయి. ఆ తర్వాత డప్పు మోగింది. ఒకడు తిరగేశాడు, వాణ్ణి చూసి ఇంకొకడు. హాలంతా ఒకటే నవ్వు. చివరికి ఇలియాస్, తారిఖ్ మిగిలారు. ఒకరినొకరు చూసుకుని ఇద్దరూ ఒక్క డప్పుకే తిరగేశారు. వేదికంతా ఎరుపే.

అప్పుడు మొదట్నుంచీ ఎర్రకోటులో ఉన్న మాహిరా ముందుకొచ్చింది. నేను చెప్పలేదక్కా, ఒట్టు. తన కోటు తిరగేసి నీలం చేసుకుంది. కిందపడ్డ టోపీ ఒకటి తీసి అడ్డంగా పెట్టుకుని, చెయ్యి జేబులో పెట్టుకుని ఒంటరిగా నిలబడింది. నవ్వులు ఆగిపోయాయి.

ప్రొఫెసర్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, చెయ్యి కోటులో కాకుండా జేబులో ఎందుకుందని అడిగాడు. "అది డేరా పండితుల కొత్త సిద్ధాంతం సార్" అన్నాను. రాసుకున్నాడు.

అంతా బాగానే ఉంది గానీ, ప్రిన్సిపాల్ గారు నాతో ఒక్క ముక్కా మాట్లాడకుండా కారెక్కి వెళ్లిపోయారు. రాత్రంతా నిద్ర లేదు. "ఇగ నీ పని ఖలాస్, పెట్టె సర్దుకో" అని మనసు ఒకటే పోరుతోంది.

నీ తమ్ముడు
రాజశేఖర్

తా.క. కోటు ఎందుకు తిరగేశావని మాహిరాను అడిగాను. "అందరూ పోయిండ్రు గద సార్, పాపం ఆయనకు ఎవరన్న ఉండాలె గదా" అంది.


డేరా,
10 ఫిబ్రవరి

తమ్ముడికి అక్క ఆశీర్వదించి రాయునది,

పెట్టె సర్దావా? విప్పేసెయ్.

నీకో సంగతి ఇన్నాళ్లూ చెప్పలేదు, మాటిచ్చాను కాబట్టి. ఆ ఆదివారం కొలతలకి వచ్చినవాళ్లు ఇరవై మంది కాదు, ఇరవై ఒక్కరు. పిల్లలందరూ వెళ్లాక మీ శ్యాంప్రసాద్ గారొచ్చారు. నలభై నాలుగు సైజు, చక్రవర్తి కోటు, టోపీతో సహా. "నాటకం బాగుంటే వచ్చి తీసుకుంటాను. లేకపోతే ఈ కోటు నాది కాదు, నేను మీకు తెలియదు" అన్నారు. అప్పట్నుంచి అది నా మేకుకు వేలాడుతూనే ఉంది.

మొన్న మీ హాల్లోంచి కారెక్కి ఎక్కడికి వెళ్లారనుకున్నావు? తిన్నగా నా కొట్టుకే. కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడి చెయ్యి లోపలికి దూర్చారు. జేబు ఇక్కడుందండీ అన్నా తీయలేదు. "చూశావా పేరమ్మా, ఈ ఐడియా మొదట్నుంచీ నాదే. వచ్చే ఏడు ఇంకా పెద్ద యుద్ధం పెడతాం, ఏ యుద్ధమో రాజశేఖర్ చూసుకుంటాడు" అన్నారు.

నేనూరుకుంటానా? "ఆయ్, మా కొట్లో నోటిమాట చెల్లదండీ, కాగితం మీద రాసి గుచ్చండి" అన్నాను. రాశారు. "రాజశేఖర్ పర్మనెంట్" అని, కింద సంతకంతో సహా. ఎవరూ ముట్టుకోని ఆ ప్రష్యా గుడ్డకే గుచ్చించాను. ఆఖర్న వచ్చి యుద్ధం గెలిపించినవాళ్ల కోటు అదేనన్నావుగా, అది నీకే కుడుతున్నాను. ఆదివారం వచ్చి నా ఎదురుగా నిలబడు.

నీ అక్క
పేరమ్మ

తా.క. నీ కోటుకు అస్తరు ఏ రంగు వేయమంటావు? మీ ప్రిన్సిపాల్ గారు మాత్రం తనకి రెండు రంగులు వేయించుకున్నారు, ఏది ఎప్పుడు అవసరం పడుతుందో అని.