జేగంట కొట్టినవాడి మనవి

మలాంగ్, ఆగస్టు 5

విశ్వవిద్యాలయ రెక్టర్ శ్రీ విస్ను మర్దికో గారి సముఖమునకు

అయ్యా,

విషయం: నన్ను ఉప రెక్టర్ పదవి నుండి తప్పించి, రిటైరగుటకు మిగిలిన ఒక్క సెమిస్టరూ మొదటి ఏడాది అర్థశాస్త్రం క్లాసు ఇప్పించుట గురించి.

క్రింద సంతకము చేసిన నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను ఎనిమిదేళ్ళు డీనుగాను, ఆరేళ్ళు పరిశోధనా విభాగం డైరెక్టరుగాను, పిమ్మట ఉప రెక్టరుగాను పనిచేయుచున్నాను. ఈ కాలమందు ఎన్ని సదస్సులు ప్రారంభించితినో నాకే తెలియదు. జేగంట మూడుసార్లు కొట్టడం, చప్పట్లు, ఫోటో, చేతిలో అరిటాకు చుట్టిన లెంపర్ అన్నపు ముద్ద, వాకిట్లో కారు. ఒక్క ఉపన్యాసమూ విన్న పాపాన పోలేదు.

2. గత నెల 14న ఒక సదస్సు ప్రారంభించి, కోరి కూర్చుంటిని. నిర్వాహకుడు చెవి దగ్గరకు వంగి, "కారు సిద్ధంగా ఉంది సార్" అన్నాడు. "కాసేపు వింటానయ్యా" అన్నాను. "మీకెందుకు సార్ ఈ తిప్పలు" అన్నాడు. వక్త నీళ్ళు తాగాడు, మైకు సర్దుకున్నాడు, మళ్ళీ నీళ్ళు తాగాడు. హాల్లో ఒక్కరూ కదల్లేదు. లేచి వచ్చేశాను. తలుపు మూసుకోగానే లోపల నవ్వులు, వాదులాట మొదలయ్యాయి. బియ్యం ధరల మీద. చాలాసేపు తలుపు దగ్గరే నిలబడి విన్నాను.

3. టైంటేబులు నందు సోమవారం ఏడు గంటల క్లాసు నా పేరిటే కలదు. నా బదులు చెప్పునది శ్రీమతి ఎనింగ్. మొన్న సోమవారం మార్కరు జేబులో వేసుకుని నేనే వెళ్ళాను. ఆమె బెదిరిపోయి, "ఎవరైనా నా మీద ఫిర్యాదు చేశారా సార్?" అంది. లేదమ్మా, ఊరికే వచ్చానన్నాను. కుర్చీ తుడిపించింది. పిల్లలంతా తనిఖీ అనుకుని నిటారుగా కూర్చున్నారు. హాజరు పట్టీ చూసి, బాగుందని చెప్పి వచ్చేశాను.

4. క్యాంటీనుకు పోయినచో లేచి బల్ల మొత్తం నాకే వదిలేయుచున్నారు. ఒక్కణ్ణే కూర్చుని సోతో సూపు తాగడం ఇంట్లోనూ ఉన్నదే. నా భార్య పోయి మూడేళ్ళయింది. ఇక్కడ రోజూ వందమంది నమస్కారం పెడతారు, అందరూ సంతకం కోసమే. నాకు ఒంటరిగా ఉంది. అర్జీలో ఇలాంటి మాట రాయకూడదని తెలుసు. ఇలాంటివి ఎన్నో తిప్పి పంపినవాణ్ణి.

కావున తమరు దయతలచి, ఈ ముసలి మేష్టారును బోర్డు ముందు నిలబెట్టు ఉత్తర్వును ఇప్పించవలెనని ప్రార్థించు

తమ విధేయుడు,
సుతర్జో

తా.క.: విస్నూ, నా ఆఖరి క్లాసులో చివర లేచి నువ్వో ప్రశ్న అడిగావు. "సంతలో అందరూ సోయా టెంపే ధర పెంచినా మా అమ్మ పెంచదు. మీరు గీసిన గీత ప్రకారం ఆమెది తప్పా సార్?" అని. రేపు చెబుతానన్నాను. ఆ సాయంత్రమే నన్ను డీనుగా వేస్తూ ఉత్తర్వు వచ్చింది. క్లాసు ఇవ్వడం కుదరకపోతే పోనీ, నువ్వొక్కడివే వచ్చి ఓ పది నిమిషాలు కూర్చో, చెబుతాను.