పద్మను మాట్లాడవద్దన్నాను

అన్నయ్యకు, వదినకు మీ చెల్లెలు సుబ్బులు దండాలు. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? పిల్లలు బాగున్నారా? ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. నలుగురం అని రాసి కొట్టేశాను, చెయ్యి ఇంకా మరవలేదు.

పటాన్‌చెరులో రెండు వానలు పడ్డాయి. ఆయన రోజూ ఫ్యాక్టరీకి పోతున్నారు. పక్కింటి మల్లమ్మ ఈ ఊరి మనిషే. నాకు జొన్నరొట్టె కొట్టడం నేర్పింది. మా గురించి బెంగ పెట్టుకోకు.

చిన్నది లలితను చదువుకు మీ దగ్గరికి పంపమని రాశావు. జవాబు చెప్పే ముందు నీకు ఇన్నాళ్ళూ దాచిన మాట ఒకటి చెప్పాలి.

పోయిన ఏడాది మేం ఇక్కడికి వచ్చిన నెలలోనే పెద్దది పద్మను తొమ్మిదో తరగతిలో చేర్చడానికి తీసుకెళ్ళాను. అప్పుడు ముల్కీ గొడవ. పదిహేనేళ్ళుగా ఇక్కడ ఉన్న వాళ్ళ పిల్లలకే ముందు సీటని రాష్ట్రం వాళ్ళ మాట. మా ఫ్యాక్టరీ ఢిల్లీ ప్రభుత్వానిది, మా పిల్లల్ని ఎలా ఆపుతారని ఫ్యాక్టరీ వాళ్ళ మాట. నాకు భయం వేసింది. "మాట్లాడితే గుంటూరు పిల్లవని తెలిసిపోతుంది. ఏమడిగినా నోరు తెరవకు" అని దారంతా చెప్పాను.

"మరి నీ నోరో అమ్మా?" అని నవ్వింది.

అందుకే మాట్లాడటానికి మల్లమ్మను వెంట తీసుకెళ్ళాను. పెద్ద పంతులు పుస్తకం ఇచ్చి చదవమన్నాడు. పద్మ నా వంక చూసింది. కళ్ళతోనే వద్దన్నాను.

"గీ పిల్లకు సదువు రానట్టుందమ్మా."

"ఎందుకు రాదు సారూ! మా ఇంటికొచ్చిన ఉత్తరాలన్నీ గీ పిల్లనే సదివి సెప్తది" అంది మల్లమ్మ.

"గట్లయితే సదవమను."

పుస్తకం పట్టుకుని అలాగే నిలబడింది అన్నయ్యా. నా మాట దాటలేదు. మన ఊరి బడి వాళ్ళిచ్చిన టీసీ అప్పటికే పంతులు బల్ల మీద ఉంది. ఊరి పేరు అందులోనే రాసుంది. నాకు ఆ తెలివి లేకపోయింది.

"సర్కారోళ్ళ పంచాయితి తెగినాక రాండ్రి" అని పంపేశాడు.

అది తెగలేదు. పద్మ ఇంట్లోనే ఉండిపోయింది. కార్తీకంలో జ్వరం వచ్చినప్పుడు, "నాకు చదువు వచ్చని సారుకు ఒక్కసారి చదివి చూపిస్తానమ్మా" అంది. లేచాక పోదాం అన్నాను. మళ్ళీ లేవలేదు.

ఇప్పుడు ఆ పంచాయితీ తెగి మా పిల్లల్ని చేర్చుకుంటున్నారు. నిన్న లలితను తీసుకెళ్ళాను. అదే పంతులు, అదే బల్ల. "గట్టిగా చదువమ్మా" అని నేనే అన్నాను. మన యాసలోనే గడగడా చదివింది, ఆయన చాలన్నా ఆపలేదు.

"దీనికి అక్క ఉండె గదమ్మా, మాట్లాడని పిల్ల?" అన్నాడు.

"దానికి చదువు వచ్చండీ" అన్నాను.

అందుకని లలితను పంపను, ఏమీ అనుకోకు. పద్మ మీ ఇంట్లో వదిలిన ఎనిమిదో తరగతి వాచకం ఎవరైనా వస్తుంటే పంపు. అమ్మకు ఈ ఉత్తరం చదివి వినిపించేటప్పుడు బడి సంగతి వదిలెయ్యి. మేం బాగున్నామని మాత్రం చెప్పు. పెద్దలందరికీ దండాలు చెప్పి, లలితను దీవించమను.

నీ చెల్లెలు,
సుబ్బులు