ఎద్దుకు కన్ను

ఓబులేసన్నా,

పరలోకంలో నీ విశ్రాంతికి భంగం కలిగిస్తున్న ఈ బి.ఏ. మూర్ఖుడు సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాడు.

నువ్వు గీసిన ఎద్దు నిన్న కర్నూలు టాకీసులో నడిచింది! మన కొట్టంలో ఒక్కో కాగితాన్నీ కెమెరా కింద పెట్టి తీసిన బొమ్మలే, తెర మీద తోక ఊపుతూ కదిలాయి.

తోలుబొమ్మలకు కన్ను చివరన పెట్టడం మీ ఇంటి ఆచారం కదా. నువ్వూ అలాగే ఎద్దుకు కన్ను పెట్టకుండా మిగిల్చి, జ్వరంతో పోయావు.

"గీసినోడే పెట్టల్ల. ఇంకోడు పెడితే పానం రాదప్పా," అన్నాడు మీ నాయన.

నిన్న ఆయనే తెర ముందు లేచి నిలబడ్డాడు. "మావోడే వచ్చి కన్ను పెట్టిపోయినాడప్పా! నన్నే సూస్తాండాది!"

ఆ చూపు నాకూ తగిలింది. మీ నాయనకు చెప్పకుండా ఆ కాగితాల మీద నేను పెట్టినవి ఒట్టి సిరా చుక్కలే కదన్నా!