పెడల్ మీద గీతలు

మార్చి 3, సోమవారం

ఆఫీసర్ గారు పిలిచి నాలుగు ఫైళ్లు చేతిలో పెట్టారు. ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ. ఒక్కో ఫైలులో ఒక్కో దేశం. అక్కడ కార్ల తనిఖీ ఎలా చేస్తారు, కారులో సొంతంగా మార్పులు చేసుకుంటే ఏమంటారు, అంతా ఒక టేబుల్‌గా వేసి నెలాఖరుకి ఇవ్వాలట. మన రూల్స్ మార్చే ఆలోచన పైవాళ్లకి ఉందట. నన్నే ఎందుకు అంటే, ఈ స్టేషన్‌లో చదివే అలవాటు నీకొక్కదానికే ఉంది అన్నారు. పదకొండేళ్లుగా కార్ల కింద దూరి చూసే ఇన్‌స్పెక్టర్‌కి ఇది పొగడ్తో శిక్షో తెలియలేదు.

మార్చి 5

ఎరుపు ఫైలు దేశంలో కాగితంలో లేనిది కారులో ఉండకూడదు. సైలెన్సర్ మార్చినా, సీటు మార్చినా ముందు అనుమతి, తర్వాత ఇంజనీర్ ఉత్తరం, ఆ తర్వాత రిజిస్ట్రేషన్‌లో ఎంట్రీ. నీలం దేశంలో ఏడాదికోసారి టెస్ట్. ఏం మార్చావని అడగరు. బ్రేకు పడుతోందా, లైట్లు వెలుగుతున్నాయా, పదునైన అంచు ఏదైనా బయటికి పొడుచుకొచ్చిందా, అంతే. పసుపు దేశంలో అసలు తనిఖీ స్టేషన్లే లేవు. రోడ్డు మీద పోలీసు ఆపితే ఆపినట్టు. ఆకుపచ్చ ఇంకా తెరవలేదు.

ఒకే కారు. ఒకచోట దొర, ఒకచోట దొంగ. నవ్వొచ్చింది.

మన రూల్స్ ఎరుపు దేశం రూల్స్‌కి చెల్లెళ్లు. కాస్త గయ్యాళి చెల్లెళ్లు.

మార్చి 6, మధ్యాహ్నం 1.20

మూడు ఫైళ్లు అయ్యాయి. మూడింట్లోనూ కారు గురించే ఉంది. నడిపే మనిషి సంగతి ఎవరూ అడగలేదు.

మార్చి 11

ఇవాళ అక్క కారు తెచ్చింది. కారు బావది. తనిఖీకి మాత్రం ప్రతి ఏడూ అక్కే తెస్తుంది. వరసలో నా లేన్‌కే పడింది.

ఇది ఎక్కడో ఒకచోట రాయాలి. ఏడేళ్ల కిందట షుగర్ వల్ల బావకి కుడి కాలు మోకాలి కింద తీసేశారు. ఆరు నెలలు తిరక్కుండానే మళ్లీ కారు నడపడం మొదలుపెట్టాడు. గేర్లు మార్చక్కర్లేని కారు. పెడల్స్‌కి ఇనుప లివర్ ఒకటి బిగించి చేత్తో నడుపుతాడు. ముందుకు నెడితే బ్రేకు, కిందికి నొక్కితే యాక్సిలరేటర్. మన రూల్స్‌లో అలాంటిదానికి చోటు లేదు. అందుకే తనిఖీ రోజు లివర్ విప్పి డిక్కీలో పెడతారు.

ఇదంతా నాకు తెలుసు. ఈ కారుని ఇదివరకు మూడుసార్లు నేనే పాస్ చేశాను. పెడల్ కాడ మీద లివర్ బిగించిన క్లాంపు గీతలు మూడుసార్లూ చూశాను. చూసి, టైర్ల వైపు తిరిగాను.

ఇవాళ తిరగలేకపోయాను. తల నిండా ఆ ఫైళ్లే. డిక్కీ తెరవమన్నాను.

"ఏంటే, ఇవాళే కళ్లొచ్చాయా నీకు?" అంది అక్క.

లివర్ పాత దుప్పటిలో చుట్టి ఉంది. బ్రేకు వైపు వెల్డింగ్ దగ్గర వెంట్రుకంత పగులు. గోరు పెట్టి లాగితే గోరు దిగింది. అక్క ముందు మరక అనుకుంది. తనూ గోరు పెట్టి చూసింది. ఖాళీ దుప్పటి మడిచి పక్కన పెట్టింది.

కారుకి బిగించి లేని వస్తువు కోసం కారుని ఫెయిల్ చేసే రూల్ లేదు. పాస్ స్టాంపు వేశాను. లివర్ మాత్రం ఇవ్వలేదు. స్టాంపు ఇన్‌స్పెక్టర్‌గా వేశాను. లివర్ మరదలిగా ఉంచుకున్నాను.

మార్చి 12

బావ ఫోన్. ఇళ్లకు వెళ్లి కుట్టుమిషన్లు రిపేరు చేస్తాడు. ఇవాళ మూడిళ్లకు రానని చెప్పాల్సొచ్చిందట. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

"డాక్టర్లు ఒకసారి తీసుకెళ్లారమ్మా. ఇది రెండోసారి."

పగులు సంగతి చెప్పాను. ఏడేళ్లు ఆగింది, ఇంకో ఏడాది ఆగదా అన్నాడు. అది ఆగకపోతే కారూ ఆగదు బావా అన్నాను. ఫోన్ పెట్టేశాడు.

మార్చి 14

లివర్ పట్టుకుని వెల్డింగ్ తాత షెడ్డుకి వెళ్లాను. చేసింది ఆయనే. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి చూశాడు, కిందికి లాక్కుని మళ్లీ చూశాడు. ఏటా ఒకసారి తెచ్చి చూపించమన్నాడట. బావ ఒక్కసారీ తేలేదట.

"దాచుకునే వస్తువుని ఎవరు బయటికి తెస్తారమ్మా? నేనూ బోర్డు మీద రాసుకోలేదుగా ఇలాంటివి చేస్తానని."

లావు రాడ్‌తో కొత్తది చేస్తానన్నాడు. కానీ ఈసారి తను చేసినదాన్ని ఇంకెవరైనా పరీక్షించాలట. తన చేతి మీద తనకే గురి పోయిందట. ఇలాంటివి ఇంకా ఎన్ని చేశావు తాతా అని అడిగాను. వేళ్లు ముడిచి లెక్కపెట్టాడు. బావది కాక పద్నాలుగు.

మార్చి 16

అక్క ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు.

మార్చి 19

ఆకుపచ్చ ఫైలు, నలభై ఒకటో పేజీ. చేత్తో నడిపే పరికరం బిగించుకోవచ్చు. బిగించినవాళ్ల పేరు రాయాలి. ఏటా కారుతో పాటు దాన్నీ చూస్తారు. ఆ రోజు కారుని స్టేషన్ లోపలికి నడుపుకుని రావాల్సింది రోజూ నడిపే మనిషే. ఈ పేజీ నాలుగుసార్లు చదివాను.

టేబుల్ కింద నోట్ మొదలుపెట్టాను. మన దగ్గర కనీసం పదిహేను కార్లు తనిఖీ రోజు ఒకలా, మర్నాటి నుంచి ఇంకోలా తిరుగుతున్నాయి. అందుకే వాటి అసలు భాగాన్ని ఎవరూ చూడటం లేదు. ఇలా రాస్తే నీకెలా తెలుసని అడుగుతారు. మూడుసార్లు చూసీ చూడనట్టు వదిలేశాను కాబట్టి తెలుసు. ఆ మాట రాశాను. కొట్టేశాను. టీ తాగొచ్చి మళ్లీ రాశాను.

మార్చి 21

ఆఫీసర్ గారు నోట్ రెండుసార్లు చదివారు. "ఈ పేరా తీసెయ్యమ్మా, మిగతాది బ్రహ్మాండంగా ఉంది" అన్నారు. అది తీస్తే మిగతాది ఎవరూ నమ్మరు సార్ అన్నాను. పెన్ను మూత పెట్టారు, తీశారు, మళ్లీ పెట్టారు.

నోట్ పైకి పంపారు. నన్ను లేన్ నుంచి తీసి కౌంటర్‌లో వేశారు. రెండు కాగితాల మీదా ఒకే పెన్నుతో సంతకం.

ఏప్రిల్ 9

కౌంటర్‌లో ఏసీ ఉంది. చేతులకి గ్రీజు లేదు. అన్నం సహించడం లేదు.

ఏప్రిల్ 28

ఆర్డర్ వచ్చింది. ఆరు నెలలు ట్రయల్. ఆకుపచ్చ పేజీలో ఉన్నదే దాదాపు మక్కికి మక్కి. బంధువుల కారుని ఎవరూ తనిఖీ చేయకూడదని ఒక లైను అదనం. ఆ లైను నా పుణ్యమే.

బావకి మెసేజ్ పెట్టాను. చూశాడు.

మే 6, ఉదయం 11.30

కౌంటర్ కిటికీలోంచి చూశాను. బావ కారు గేటులోకి వచ్చింది. స్టీరింగ్ దగ్గర బావ. పక్క సీట్లో అక్క, చేతులకి పని లేక ఒళ్లో బ్యాగు గట్టిగా పట్టుకుని. వెనక సీట్లో వెల్డింగ్ తాత, ఇస్త్రీ చొక్కాలో.

వాళ్లకి పడింది రూళ్లకర్ర అని మేం పిలిచే ఇన్‌స్పెక్టర్. కొత్త లివర్‌కి వేలాడినంత పని చేశాడు. కారుని బ్రేకు పరీక్షించే రోలర్ల మీదికి ఎక్కించి, నెట్టండి సార్ అన్నాడు. బావ నెట్టాడు. మీటర్ ముల్లు లేచి నిలబడింది. ఇంకోసారి అన్నాడు. ఇంకోసారీ నిలబడింది. అయినా వదల్లేదు, ఒక నట్టు కింద వాషర్ లేదని పట్టుకున్నాడు. తాత జేబులోంచి వాషర్ తీసిచ్చాడు.

కాగితం ప్రింటయ్యేది నా కౌంటర్‌లోనే. బావ చేతికర్రతో నడిచొచ్చి నా ఎదుట నిలబడ్డాడు. అందులో లివర్ వివరం, చేసిన తాత పేరు, నడిపే తన పేరు వరసగా ఉన్నాయి. మొత్తం చదివాడు. తన పేరు దగ్గర ఆగాడు.

"సంతకం ఎక్కడ పెట్టాలమ్మా?"

దాదాపు రెండు నెలల తర్వాత నాతో అన్న మొదటి మాట. వేలు పెట్టి చూపించాను. కంగారులో నా వేలు పక్క గడి మీద పడింది. చూసి కూడా చూడనట్టు సరైన గడిలో సంతకం పెట్టాడు.

మే 7

పొద్దున బావ నన్ను ఆఫీసు దగ్గర దింపాడు. దారంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. లివర్ బంగారంలా పనిచేస్తోంది. బావే ఇండికేటర్ వేయడు. రెండు కాళ్లు ఉన్నప్పుడూ వేసేవాడు కాదట.