కృష్ణ దాటిన ప్రవాసి

మే 4
ఇక ప్రవాసం! విదేశాల తెలుగువాళ్ళ పోటీకి పంపిన నా బెర్లిన్ నవల తిరిగొచ్చింది. ‘సరిహద్దు దాటినవాడి బాధ కనబడలేదు’ అట. మాచర్లలో కూర్చుని రాస్తే ఏం కనబడుతుంది? పాస్‌పోర్టు లేదు. అయితేనేం, కృష్ణ ఉంది. అవతల వేరే రాష్ట్రం. సరిహద్దు సరిహద్దే. కాలేజీకి సెలవులు. నెలరోజులు మిర్యాలగూడలో పరాయివాడిగా బతికి తిరగరాస్తాను. ఈసారీ కాకపోతే నన్ను రచయిత అనేవాడు ఇక పుట్టడు.

ఫిలోమినాకు చెప్పాను. “పోయిరా. గ్యాస్ బుక్ చేసి పో” అంది. నా భార్యకు సాహిత్యం ఏం తెలుసు!

మే 5
పొందుగుల చెక్‌పోస్టు. ఆధార్ చేత్తో పట్టుకుని కూర్చున్నాను. పోలీసు బస్సే ఎక్కలేదు. బాధ్యత లేని మనుషులు!

గది దొరికింది. ఎదురుగా రైస్‌మిల్లు. ఆహా, ఒంటరితనం! రెండు పేజీలు.

మే 6
ఇంటామె మహాలక్ష్మి తగులుకుంది.

“ఏ ఊరు సారూ? మాచర్లనా! మా చిన్నక్కనిచ్చింది ఆడికే. ఇగ నువ్వు నాకు తమ్మునివే గద!”

నేనెవరికీ ఏమీ కానని గట్టిగా చెప్పాను.

“అట్లంటే ఎట్ల తమ్మీ? తిన్నవా?”

గిన్నెడు పప్పుచారు పెట్టిపోయింది. తిన్నాను. ప్రవాసికీ ఆకలేస్తుంది.

మే 9
ఇక్కడి మంగలి మా పక్కనున్న గురజాల అల్లుడట. వాడితో పాటు వీధంతా నన్ను బావ అంటోంది. పరాయివాణ్ణి పరాయివాడిగా చూడటం కూడా చేతకాదు వీళ్ళకి. ఛీ! పేజీలు సున్నా. ఎండ మరీ ఎక్కువ.

మే 12
మహాలక్ష్మక్క చిన్నకూతురికి చెవులు కుట్టారు. పిల్లను మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టాలి. ఆమె తమ్ముడు రాలేదు. ఇంకెవరు? నేనే! పిల్ల ఏడుస్తూ నా చొక్కా వదల్లేదు. ఇక నేనేం ప్రవాసిని? రేపు పొద్దున్నే బస్సెక్కేస్తాను.

మే 13
మాచర్ల. సంచి చూసి పక్కింటి రఫీక్ అడిగాడు: “ఏంది సార్, ఊరికి పోతున్నారా?” నేను లేనని వాడికి తెలియనే తెలియదు.

నా రాతబల్ల మీద ఫిలోమినా కుట్టుమిషన్.

“ఉన్నప్పుడు మాత్రం మాట్లాడతావా ఏంది? నువ్వు లేవని చానా తేడా ఏం తెలవలా” అంది. కోపంగా కూడా అనలేదు. ఇరవై ఏళ్ళ కాపురం. నా ఇంట్లో ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడిపోయాను. ఏడుపొచ్చింది.

సరే, ఇవన్నీ ఇంటి గొడవలు. వీటిని ఎవడు ప్రవాస సాహిత్యం అంటాడు? రేపటినుంచి మళ్ళీ మొదలు. ఈసారి బళ్ళారి. అక్కడి భాష కూడా రాదు!